విచారణయు, విచారమును
నెల్లూరు తీరమున కతోలిక కుటుంబములకు ఆలోచన చెప్పిన మార్గముల చరిత్ర



వార్షిక మహాసభల సంచికలలో వంశముల పుట్టుపూర్వోత్తరములను, వలసల వృత్తాంతములను, దేవాలయ నిర్మాణమునకు విరాళములిచ్చిన పెద్దల కీర్తిని వ్రాయుట పరిపాటి. అవియన్నియు వీథిలో నిలిచి చూచినప్పుడు కనబడు చరిత్రలు. తలుపు మూసిన పిదప ఇంటిలోపల నడచిన చరిత్రను మనవారు తఱచుగా వ్రాయరు. భార్యాభర్తల కలహము, త్రాగుడు, అప్పు, కొడుకు ఇల్లు విడిచిపోవుట, బిడ్డ బలవన్మరణము, ఇట్టివి తటస్థించినప్పుడు మన పూర్వులు ఎవరికడకు పోయిరి? ఎవరు వినిరి? వినినవారేమి చెప్పిరి? ఈ వ్యాసమున మేము విచారింపబూనినది ఈ విషయమే. ఇది గతకాలపు ముచ్చట మాత్రమే గాదు. నేడు మన సంఘము తీర్మానింపవలసిన యొక ముఖ్యకార్యమును దీనితో ముడివడియున్నది.

ఇంగ్లీషువారు పారిషు అనుదానిని తెలుగు కతోలికులమగు మనము విచారణ యనియు, దాని నేలు స్వాములవారిని విచారణ గురువులనియు వ్యవహరింతుము. ఈ మాట మిక్కిలి సార్థకమైనది. సంస్కృతమున చర ధాతువునకు తిరుగుట యని యర్థము. వి యను నుపసర్గ చేరగా నన్ని వైపుల తిరిగి పరిశీలించుట యగును. సంస్కృతమున విచారమనగా ఆలోచన. తెలుగున ఆ పదమునకే దుఃఖమను నర్థము రూఢమైనది. కావున విచారణ గురువనగా విచారమును విచారించు గురువని చెప్పుకొనుట తప్పుగాదు. సభాశాస్త్రమును ఇట్లే పలుకుచున్నది. 1983వ సంవత్సరపు ధర్మశాస్త్ర సంహితలోని 529వ సూత్రము, విచారణ గురువు కుటుంబములను దర్శింపవలెననియు, వారి చింతలలోను దుఃఖములలోను పాలుపంచుకొనవలెననియు, లోపములున్నచో వివేకముతో దిద్దవలెననియు విధించుచున్నది. దర్శించుట ముందు, దిద్దుట తరువాత. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాము.

తీరమున సభ నెలకొన్న విధము

మన ప్రాంతమునకు కతోలిక మతము రెండు దారుల వచ్చినది. ఒకటి సముద్రపు దారి. 16వ శతాబ్దారంభముననే పోర్చుగీసువారు పులికాటు రేవున వర్తకము నెలకొల్పిరి. వర్తకుల వెంట గురువులును వచ్చిరి. రెండవది రాజధాని దారి. 1598లో యేసుసభ గురువులు చంద్రగిరికి వచ్చి రెండవ వేంకటపతిరాయల కొలువున ప్రవేశించిరి. పిదప 18వ శతాబ్దారంభమున ఫ్రెంచి దేశపు యేసుసభ గురువులు కర్ణాటక మిషనును స్థాపించి పుంగనూరు, కృష్ణాపురము మొదలగు తావులందు తెలుగున బోధించిరి. వారిలో కేర్డూ స్వాములవారు తెలుగు సంస్కృతములను శ్రద్ధతో నేర్చి, సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతోగల చుట్టరికమును గూర్చి 1767లో పారిసు పండితులకు లేఖ వ్రాసిన సంగతి భాషాశాస్త్రజ్ఞు లెఱిగినదే.

ఆ శతాబ్దముననే అనంతపురపు సీమలో కొన్ని రెడ్డి కుటుంబములు జ్ఞానస్నానము పొందెను. యుద్ధములును కఱవులును తఱుమగా వానిలో బెక్కు కుటుంబములు తూర్పునకు వలసవచ్చి గుంటూరు సీమలో ఫిరంగిపురము మొదలగు గ్రామములందును, దక్షిణమున కీళచ్చేరియందును స్థిరపడెను. వలసపోవువారు విత్తనములను, గొడ్లను, దేవుని పటమును బండిలో పెట్టుకొనిపోగలరు గాని గురువును తీసికొనిపోలేరు. స్వాములవారు ఏడాదికొకమాఱో రెండుమాఱులో వచ్చి, జ్ఞానస్నానములు, వివాహములు, పాపసంకీర్తనములు ముగించి, మఱియొక యూరికి పోవుచుండిరి. తక్కిన దినములలో ఇంటి కష్టము చెప్పుకొనుటకు దిక్కెవరు?

ఉపదేశి

దిక్కు ఉపదేశి యయ్యెను. ఉపదేశి గురువుగాడు. పూజ చేయలేడు, పాపములను క్షమింపలేడు. అతడు మనలోనివాడే. పొలమో మగ్గమో కలవాడు, భార్యాబిడ్డలు కలవాడు. ఆదివారమునాడు జపములు చెప్పించుట, పిల్లలకు జ్ఞానోపదేశము నేర్పుట, మరణావస్థలో నున్నవారి చెంత కూర్చుండి ధైర్యము చెప్పుట అతని పనులు. తమిళదేశమున ప్రసిద్ధి వహించిన బెస్కీ స్వాములవారు 1727లో ఉపదేశుల నడవడిని గూర్చి వేదియర్ ఒళుక్కమను ప్రత్యేకగ్రంథమునే రచించిరనగా ఆ యుద్యోగమెంత భారమైనదో తెలియుచున్నది.

ఉపదేశమను పదమును విడదీసి చూతము. దిశ ధాతువునకు చూపుట యర్థము, ఉప యనగా సమీపము. దగ్గఱనుండి చూపుట ఉపదేశము. దూరమున నిలిచి ఆజ్ఞాపించుట ఆదేశము. కలహమాడిన భార్యాభర్తలకు ఉపదేశి ఆజ్ఞ యీయజాలడు. దగ్గఱ కూర్చుండి చూపగలడు. ఇంతియగాక, మగవాడగు ఉపదేశితో చెప్పజాలని మాటలను స్త్రీలు అతని భార్యతో చెప్పుకొనుచుండిరి. ఆ యిల్లాలికి జీతమును లేదు, బిరుదమును లేదు. అయినను తీరగ్రామముల కతోలిక కుటుంబములకు ఆలోచన చెప్పిన తొలి స్త్రీ ఆమెయే యని మేము తలంతుము.

1773లో 14వ క్లెమెంటు పోపుగారు యేసుసభను రద్దుచేసిరి. తెలుగుదేశమున గురువుల కొఱత మఱింత హెచ్చెను. ఆ కష్టకాలమున మతమును నిలిపినవారు ఉపదేశులును, సాయంకాలమున ఇంటింట జపమాల చెప్పిన తల్లులును. పింగళి ఎల్లనార్యుడు తోభ్య చరిత్రమును తెలుగు పద్యకావ్యముగ రచించెను. తోబీతు గ్రంథమునందలి కథ యది. కండ్లు పోయిన తండ్రి, చావు కోరుకొన్న కోడలు, తెలియని దారిని పోవలసిన కొడుకు, వారికి తోడు నడచి దారి చూపిన రఫాయేలు సన్మనస్కుడు, ఇవి యందలి పాత్రలు. ఒక యింటి దుఃఖమును రాజుల యుద్ధములకు సమానమగు కావ్యవస్తువుగ నెన్నుకొనుట సామాన్యవిషయము గాదు. అందు రఫాయేలు చేసిన యుపకారమేమి? తీర్పు చెప్పలేదు, గద్దింపలేదు. ప్రయాణమంతయు ప్రక్కన నడచి, తగిన సమయమున తగిన మాట చెప్పెను.

రచ్చబండ

ఉపదేశి మాటతో తీరని తగవు రచ్చకెక్కుచుండెను. మనమిది దాచుకొననక్కఱలేదు. మతము మాఱినను కులము మాఱలేదు. కులపెద్దలు కూర్చుండి, ఇరువైపుల మాటలు విని, తప్పు కట్టించుటయో, క్షమాపణ చెప్పించుటయో, వెలివేయుటయో చేయుచుండిరి. గట్టు తగవులకు, నీటి వంతులకు, అప్పు పత్రములకు ఈ పద్ధతి చాల మేలుచేసినది. కోర్టు కర్చులు లేకుండ, పంట కాలము గడవకుండ తగవు తెగుచుండెను. పెద్దల న్యాయబుద్ధిని మేము తక్కువచేయుట లేదు.

కాని ఇంటి దుఃఖమునకు రచ్చ తగిన చోటు గాదు. అందుకు మూడు కారణములు గలవు. మొదటిది, రచ్చయందు స్త్రీ మాటాడునది యరుదు. ఆమె పక్షమున తండ్రియో అన్నయో మాటాడును. ఆ మాటలలో ఆమె గుండెలోని మాట ఎంత యుండునో దేవునికే యెఱుక. రెండవది, రచ్చయందు చెప్పిన మాట ఊరంతయు చెప్పిన మాట. ఒకమాఱు నలుగురిలో అవమానింపబడిన మగడు ఇంటికి వచ్చి ఆ యవమానమునకు వడ్డీతోగూడ చెల్లు తీర్చుకొనును. మూడవది, రచ్చ గెలుపోటములను తేల్చును. భార్యాభర్తలలో నొకరు గెలిచినచో ఇల్లు ఓడిపోయినట్లే.

పాపసంకీర్తన పీఠము

రచ్చకు భిన్నమైన మఱియొక చోటు మన దేవాలయములందు గలదు. 1215లో 4వ లాతరాను మహాసభ ప్రతి కతోలికుడును ఏడాదికొకమాఱైనను పాపసంకీర్తనము చేయవలెనని విధించినది. ఆ సూత్రమందే, వినిన గురువు ఆ రహస్యమును మాటచేతగాని సైగచేతగాని వెల్లడింపరాదనియు, వెల్లడించినవాడు పదవీభ్రష్టుడై యావజ్జీవము మఠమున తపస్సు చేయవలసినదనియు శాసించినది. 1393లో ప్రాగు పట్టణమున నదిలో త్రోయబడి మరణించిన నేపోముక్కు యోహాను గురువు, రాణి చెప్పిన మాటలను రాజునకు చెప్పనొల్లక ప్రాణము లిచ్చెనని సంప్రదాయము. 16వ శతాబ్దమున మిలాను పట్టణపు పీఠాధిపతియగు పునీత బొరొమేయో చార్లెసు, గురువునకును స్త్రీకిని నడుమ జాలకము గల పీఠము నేర్పఱచి, ఆ యేర్పాటు లోకమున వ్యాపించుటకు కారకుడయ్యెను.

ఈ పీఠమును మన స్త్రీల దృష్టితో చూచిన, దాని గొప్పతనము బోధపడును. తపస్సుకాలమున స్వాములవారు ఊరికి వచ్చినప్పుడు, అత్తగారి వెనుక కోడలును, యజమానుని వెనుక పాలేరును ఒకే వరుసలో నిలుచుచుండిరి. తన వంతు వచ్చినప్పుడు ఆ కోడలు మగడు లేక, అత్త లేక, అన్న లేక, ఒంటరిగ మోకరించి తన నోటితో తాను మాటాడును. వినువాడు వినితీరవలెను. వినిన పిదప ఎవ్వరికిని చెప్పరాదు. రచ్చయందు నోరులేని మనిషికి ఇచ్చట నోరు కలిగినది. మన తీరపు పల్లెలలో అట్టి స్థలము మఱియొకటి యెక్కడ నుండెను?

అయినను ఈ పీఠమునకును మేర గలదు. అచ్చట అడుగబడు ప్రశ్న, నీ తప్పేమి యనునది. మగని చేత దెబ్బలు తిన్న స్త్రీ అచ్చట మోకరించి, కోపపడితినని తన తప్పు చెప్పుకొనును. మగని తప్పు అతడు చెప్పుకొనవలెనే గాని ఆమె చెప్పవలసినది గాదు. ఆమెకు క్షమాపణ లభించును, ఊరట లభించును, కాని దెబ్బలు ఆగవు. తప్పు చేసినవారికి క్షమాపణ మందు. అన్యాయము పొందినవారికి కావలసిన మందు వేఱు. ఓర్చుకొమ్మని మాత్రము చెప్పి పంపిన సందర్భములు మన చరిత్రలో లేకపోలేదు. అది గురువుల దోషమనుటకంటె, ఒక పీఠముచే రెండు పనులు చేయింపజూచిన మనయందఱి దోషమనుట న్యాయము.

సమ్మతి

వివాహ విషయమున సభ చేసిన యుపకారమును గూడ ఇచ్చట చెప్పవలెను. 1563లో త్రెంతు మహాసభ, విచారణ గురువు ఎదుటను ఇద్దఱు సాక్షుల యెదుటను జరుగని వివాహము చెల్లదనియు, ముందుగ మూడుమాఱులు గుడిలో చాటింపు వేయవలెననియు నిర్ణయించినది. వధూవరుల సమ్మతియే వివాహమును గలిగించుననియు, ఆ సమ్మతిని ఏ మానవశక్తియు వారికి బదులుగ ఈయజాలదనియు సభాశాస్త్రము ఘోషించుచున్నది. వివాహమునకు ముందు గురువు వధువును వేఱుగను వరుని వేఱుగను ప్రశ్నించుట ఆచారము. కుటుంబమునకు చెప్పవలసిన యాలోచన కలహము పుట్టిన పిదప మొదలుకారాదు, ఈ ప్రశ్నతోడనే మొదలుకావలెను. రెండవ జాన్ పౌలు పోపుగారు 1981వ సంవత్సరపు తమ లేఖయందు వివాహసన్నాహమును బాల్యమునుండి పెండ్లివఱకు మూడు దశలుగ విభజించి బోధించిరి.

మనవారి వాడుక యెట్లున్నది? నిశ్చయతాంబూలములు, కట్నకానుకలు, పెండ్లిపత్రికలు అన్నియు ముగిసిన పిదప కన్యను గురువుకడకు పంపి, సమ్మతియే యని చెప్పిరమ్మందుము. అప్పుడు ఆమె కాదనగలదా? కట్ననిషేధ శాసనము 1961లో వచ్చినది. చట్టమును, సభయు ఒక్కమాటయే చెప్పుచుండగా కులాచారము మాత్రము వేఱుమాట చెప్పుచున్నది. ఈ యాచారమును మాన్పగల శక్తి విచారణ గురువులకంటె మన సంఘమునకే యెక్కువగ గలదు.

నెల్లూరు పీఠము

19వ శతాబ్దమున మద్రాసు మండలపు తెలుగు విచారణలకు ఇంగ్లండు దేశపు మిల్‌హిల్ సభ గురువులు 1875లో వచ్చిరి. వచ్చిన మఱుసటి యేడే 1876-78 నాటి మహాక్షామము దాపురించెను. నెల్లూరు మండలము ఆ క్షామమున మిగుల బాధపడినది. 1904లో హాలెండు నుండి యేసుమరియజోజపుల సభ కన్యస్త్రీలు గుంటూరునకు వచ్చి పాఠశాలలను, వైద్యశాలను నడుపసాగిరి. 1928 జూలై 3వ తేదీన నెల్లూరు మేత్రాసనము మద్రాసునుండి వేఱుపడి యేర్పడెను. మిల్‌హిల్ సభవారగు విలియం బౌటరు స్వాములవారు 1929లో ప్రథమ పీఠాధిపతులైరి. 1940లో గుంటూరు ప్రత్యేకపీఠ మయ్యెను.

కన్యస్త్రీల రాకతో ఆలోచన చెప్పు విషయమున గొప్పమార్పు కలిగినదని మా యభిప్రాయము. పూర్వము ఉపదేశి భార్య చెవి యొక్కటియే స్త్రీలకు దిక్కు. ఇప్పుడు చదువుకొన్న స్త్రీలు, వైద్యమెఱిగిన స్త్రీలు, ఇల్లిల్లు తిరుగు స్త్రీలు వచ్చిరి. వైద్యశాలలో గాయమునకు కట్టు కట్టుచు, ఈ గాయమెట్లు తగిలినదమ్మా యని యడిగిన ప్రశ్న యెన్ని తలుపులు తెఱచినదో లెక్కింప నెవరి తరము?

సారా

తీరమున కుటుంబదుఃఖములలో పెద్దది త్రాగుడు. మేము ఉపాధ్యాయవృత్తిలో నున్న దినములలో, వారపు కూలి చేతికందిన మఱునాడు కొందఱు పిల్లలు బడికి రాకుండుటయో, వచ్చినను పలక ముట్టకుండుటయో చూచుచుంటిమి. కారణ మడిగిన చెప్పరు. తల్లి వచ్చినప్పుడు కొంగు చాటున దాచిన చేతిని చూచిన తెలియును.

ఈ దుఃఖమును రచ్చ తీర్పలేదు, ఏలయనగా రచ్చలో కూర్చుండినవారిలో కొందఱు త్రాగువారే. తీర్చినవారు స్త్రీలు. 1990వ సంవత్సర ప్రాంతమున నెల్లూరు మండలమున అక్షరాస్యతా యుద్యమము నడచినది. రాత్రిబడులలో సీతమ్మ కథ యను పాఠము చదివిన స్త్రీలు, త్రాగుబోతు మగనితో సీతమ్మ పడిన కష్టము తమ కష్టమేయని గుర్తించిరి. 1992లో కలిగిరి మండలపు దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మ మొదలగువారు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు మండలమంతయు ప్రాకెను. సారా వేలముపాటలు నిలిచిపోయెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో అది సడలిపోయెను.

ఈ యుద్యమము ఏ యొక్క మతమువారిదియు గాదు, ఏ యొక్క కులమువారిదియు గాదు. మనకది నేర్పు పాఠమిది. ప్రతి స్త్రీయు తన కష్టమును తన తలవ్రాతయని తలచి మూయిడినంత కాలము అది పెరుగుచుండెను. పదిమంది ఒకచోట కూర్చుండి, భయములేక చెప్పుకొని, ఒకరిమాట నొకరు వినినప్పుడు దానికి పరిష్కారము పుట్టెను. వినుట యనునది చిన్న కార్యము గాదు. శాసనములను మార్పించిన కార్యము.

సముద్రము కొట్టిన దెబ్బలు

మన తీరము 1927 నవంబరు తుపానును, 1984లో శ్రీహరికోటయొద్ద తీరము దాటిన తుపానును, 1989లో కావలియొద్ద దాటిన తుపానును చూచినది. 2004 డిసెంబరు 26వ తేదీన, క్రిస్మసు పండుగ మఱునాడు, సునామీ వచ్చినది. 1990వ దశకమున రొయ్యల చెరువుల యాశ వచ్చి, 1994-95లలో తెల్లమచ్చ రోగముతో కూలిపోయి, పొలమును అప్పును కలిసి ముంచిన కథ గూడ నొక తుపానే.

ఇట్టి యాపదలలో బియ్యము, బట్ట, టార్పాలిను పంచుట మనకు తెలియును. కాని తెప్పపై పోయిన కొడుకు తిరిగి రాక, కళేబరముగూడ దొరకని తల్లికి బియ్యపు మూట యేమి యోదార్పు? ఆమెకడ కూర్చుండవలెను. యోబు గ్రంథమున మిత్రులు ముగ్గురు వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు మాటాడక అతని ప్రక్కన నేలపై కూర్చుండిరి. అంతవఱకు వారు చేసినది యోదార్పు. తరువాత నోరు తెఱచి, నీ పాపముచేతనే నీకీ యాపద వచ్చెనని వాదింపగా దేవునిచే మందలింపబడిరి. భగవద్గీతయందును ప్రథమాధ్యాయమంతయు అర్జునుని విషాదమే. అతడు విల్లు జాఱవిడిచి కూలబడువఱకు కృష్ణుడు బోధ యారంభింపలేదు. శంకర భగవత్పాదులు భాష్యము మొదలిడినది రెండవ యధ్యాయపు 11వ శ్లోకమునందు. అనగా తత్త్వబోధకు ముందు అంత దుఃఖము వినవలసియున్నది.

బలవన్మరణము

వ్రాయుటకు మనసొప్పని విషయమైనను వ్రాయక తీరదు. 1917వ సంవత్సరపు సభాశాస్త్రము, తెలిసి బలవన్మరణము పొందినవారికి సభ సమాధిసంస్కారము నిషేధించినది. మతిభ్రమ కలదని తోచినచో మినహాయింపు గలదు. అయినను ఊరివారి నోరు ఆ మినహాయింపును లెక్కచేయలేదు. కొడుకు పోయిన దుఃఖమునకు తోడు గోడ వెలుపల గోరీయను అవమానము ఎన్నో యిండ్లను క్రుంగదీసినది. 1983 సంహితలో ఆ నిషేధము తొలగింపబడినది. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథము, తీవ్రమగు మనోవ్యాధియు భయమును బాధ్యతను తగ్గించుననియు, అట్లు పోయినవారి రక్షణ విషయమున నిరాశ చెందరాదనియు స్పష్టముగ బోధించుచున్నది. మన దేశపు 2017వ సంవత్సరపు మానసికారోగ్య శాసనముగూడ, ప్రాణము తీసికొనబోయినవానిని తీవ్రమగు మనోవేదనలో నున్నవానిగ నెంచవలెనే గాని శిక్షింపరాదని చెప్పినది.

సభ మాఱినది, శాసనము మాఱినది. మన నోరు మాఱినదా? పరీక్ష తప్పిన పిల్లవాడు, అప్పులపాలైన రైతు, ఇంటికి తిరిగి రాలేని యాడుబిడ్డ, వీరు మరణముకంటె కులములోని మాటకు ఎక్కువ భయపడుచున్నారు. ఈ భయమును కలిగించినది మనము. తొలగింపవలసినదియు మనమే.

ఆలోచన గది

నేడు జనులు కౌన్సెలింగను పేర వ్యవహరించు పద్ధతికి ఆధునికరూప మిచ్చినవారిలో అమెరికా దేశపు కార్ల్ రోజర్సు ముఖ్యుడు. మొదట వేదశాస్త్రము చదువుటకు పోయి పిదప మనశ్శాస్త్రమునకు మఱలిన యీ పండితుడు, 1942లో తన గ్రంథమును ప్రకటించి, ఆలోచన చెప్పువాడు ముందు తీర్పరితనము మానుకొని వినవలెననియు, దారి చాలవఱకు బాధపడువారి లోపలనే యున్నదనియు ప్రతిపాదించెను. మనకిది క్రొత్తదిగ తోచరాదు. రఫాయేలు నడచిన దారియే యిది.

విచారణలయందు ఇట్టి యాలోచన గది యేర్పడుట మిగుల శుభకార్యము. కాని దానికి రచ్చనుండియు, పాపసంకీర్తన పీఠమునుండియు భేద ముండవలెను. రచ్చ అడుగునది, తప్పెవరిదని. పీఠము అడుగునది, నీ తప్పేమని. ఆలోచన గది అడుగవలసినది, నీ బాధ యేమని. మూడును కావలసినవే. ఒకదాని పని మఱియొకటి చేయబూనినప్పుడే హాని కలుగుచున్నది.

వివాహబంధము విడరానిదని మన విశ్వాసము. దానిని సాకుగొని, చావుదెబ్బలు తినుచున్న స్త్రీని ఆ యింటనే యుండుమని చెప్పువారు శాస్త్ర మెఱుగనివారు. 1983 సంహితలోని 1153వ సూత్రము, దంపతులలో నొకరు రెండవవారికిగాని బిడ్డలకుగాని శరీరమునకో ఆత్మకో తీవ్రమగు అపాయము కలిగించినచో వేఱుగ నుండుటకు న్యాయమైన కారణ మేర్పడుచున్నదనియు, ఆలస్యము అపాయకరమైనచో తమంతట తామే వేఱుపడవచ్చుననియు చెప్పుచున్నది. 1917 సంహితయందును క్రూరత్వము ఇట్టి కారణముగ నంగీకరింపబడియేయున్నది. దేశశాసనముగూడ 2005లో గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించినది. బంధము నిలుపుట వేఱు, ప్రాణము నిలుపుట వేఱు. మొదటిదానికై రెండవదానిని బలియిమ్మని సభ యెన్నడును చెప్పలేదు.

సంఘము చేయవలసిన పని

కావున ఈ మహాసభ యెదుట మా మనవులు కొన్ని గలవు. భార్యాభర్తల తగవును ఇరువురును వేఱువేఱుగ కోరినగాని సంఘపు పెద్దల యెదుటికి తేరాదు. విరాళములు సేకరించునప్పుడు గోపురమునకును, ప్రహరీగోడకును, పండుగ దీపములకును తోడు, ప్రతి విచారణయందును తలుపు గల యొక చిన్నగదికిని కొంత ధనము కేటాయింపవలెను. ఆ గదిలో కూర్చుండువారిలో స్త్రీ యొకరు తప్పక యుండవలెను. వారికి తగిన శిక్షణ యిప్పింపవలెను, ఏలయనగా సద్బుద్ధి మాత్రమున వినుట రాదు, అదియు నేర్వవలసిన విద్యయే. రోగము వైద్యునికడకును, హింస న్యాయస్థానమునకును పోవలెనని వారికి తెలిసియుండవలెను. 2022లో ప్రభుత్వము స్థాపించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యతో ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేయవచ్చును. ఆ సంఖ్యను గది తలుపుపై పెద్ద యక్షరములతో వ్రాయింపవలెను.

రహస్యము విషయమున వీసమంతయు సడలింపు పనికిరాదు. గదికి ధనమిచ్చిన పోషకులకుగాని, సంఘపు కార్యవర్గమునకుగాని, అచ్చటికి వచ్చినవారి పేరులు తెలియరాదు. ఎందఱు వచ్చిరో సంఖ్య చాలును. ప్రాణాపాయము తప్పించుటకు చెప్పితీరవలసినప్పుడు మాత్రము, చెప్పుదునని ఆ మనిషికే ముందు తెలియజెప్పి, తగినవారికి మాత్రమే చెప్పవలెను.

కడపటి మనవి కులమును గూర్చి. దేవాలయమున వేఱువేఱు వరుసలు, వేఱువేఱు శ్మశానములు మన చరిత్రలో నున్నవి. 18వ శతాబ్దమున కులములవారీగ వేఱువేఱు గురువులను నియమించు ఏర్పాటును గూడ రోమునగరమువఱకు చర్చించి యొప్పుకొనిరి. ఆ మచ్చ మనకు తెలియనిది గాదు. మన సంఘపు ధనముతో నేర్పడిన గదియైనను, అందు ప్రవేశించువాని కుల మడుగరాదు. దళితవాడనుండి వచ్చిన తల్లి కన్నీరును, పట్టపుపాలెమునుండి వచ్చిన తల్లి కన్నీరును, మన యింటి తల్లి కన్నీరును ఒకే యుప్పు గలవి. సంఘము పెట్టిన గదిలో కులము పేర నొక్కరైనను గడపకడ నిలిచిపోయినచో, ఆ గది మరల రచ్చయే యగును.

మన పూర్వులు బండ్లపై వలసవచ్చి, గురువులు లేని కాలమునందును విశ్వాసమును నిలుపుకొనిరి. వారికి ఉపదేశి యొక్కడుండెను, దగ్గఱ కూర్చుండెను. మనకు విద్యయు, ధనమును, శాసనములును, వైద్యులును గలరు. దగ్గఱ కూర్చుండువారు మాత్రము కావలెను. విచారణయను పేరునకు తగిన విచారణను ఈ తీరమున నెలకొల్పుటకు సర్వేశ్వరుడు మన సంఘమునకు బుద్ధిబలమును, హృదయమార్దవమును ప్రసాదించుగాక. ఏ యింటి విచారమును వినువారు లేక మిగిలిపోకుండుగాక.